ఎదురుకాళ్ల ఎలిశిబమ్మ

రజాకార్ల నోరు మూయించడానికి ఢిల్లీ సర్కారుకు ట్యాంకులు, విమానాలు, అయిదు రోజులు కావలసి వచ్చాయి. మా నాయనమ్మ ఎలిశిబమ్మకు రెండు ఇటుకలు, మూడు పొద్దులు చాలాయి. ఈ సంగతి ఏడో తరగతి పుస్తకంలో లేదు. ఆ పైతరగతుల పుస్తకాల్లో ఉందేమో, అక్కడిదాకా నేను పోలేదు.

ఇంత పని చేసిన మనిషి ఎట్లా ఉంటుందో అనుకునేరు. నిలబడితే గుమ్మం పైకొయ్యకు మూరెడు కింద ఉంటుంది. బల్లి అంటే భయం, ఉరుము అంటే భయం, పోస్టుమాన్ అంటే భయం. పాస్టరుగారు ఎదురుపడితే ఏ తప్పూ చేయకపోయినా కొంగు సర్దుకుని గోడకు అతుక్కుంటుంది. భయం మిగతావాళ్లకు గుండెల్లోనో కడుపులోనో ఉంటుంది. మా నాయనమ్మకు నడుంలో ఉంటుంది. భయం వేసినప్పుడల్లా నడుం పట్టేస్తుంది, ఇరవైరెండో ఏటి నుంచీ అంతే.

ఆమె పుట్టింది టేక్మాల్‌లో, కాళ్లు ముందు, తల వెనక. అట్లా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుం విడుస్తుందని మా దిక్కు నమ్మకం. దానికో పద్ధతి ఉంది. నొప్పి ఉన్నవాళ్లు ఆదివారం తెల్లవారుజామునే, ముఖం కడుక్కోకుండా రావాలి. ఇల్లు కదిలినప్పటి నుంచి తన్ను తిని మళ్లీ ఇల్లు చేరేదాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదు. నోరు విప్పితే తన్ను దండగ. ఈ పద్ధతి నాయనమ్మ పెట్టింది కాదు, ఆమె పుట్టకముందు నుంచీ ఉంది.

అసలు రహస్యం ఏమిటంటే, ఆమె తన్ను ఎందుకూ పనికిరాదు. ఆ మాట ఆమే నాతో చెప్పింది. ఇరవైరెండేళ్లప్పుడు మా మెదక్ మిషన్ దవాఖానాలో ఆయాగా చేస్తూ, ఒక భారీ మనిషిని మంచం మీదికి ఎత్తబోయి తన నడుమే పోగొట్టుకుంది. నెల రోజులు నులక మంచంలో గుంట పడేట్టు పడుకుంటే నొప్పి ఇంకా పెరిగింది. అప్పుడు దవాఖానా నర్సమ్మ వచ్చి మంచం గోడకు నిలబెట్టించి, నేల మీద పడుకోబెట్టింది. కాళ్ల కింద జొన్న బస్తా పెట్టించింది. వేడి ఇటుకను గుడ్డలో చుట్టి కాపడం పెట్టించింది. లేచేటప్పుడు నిటారుగా లేవకుండా పక్కకు ఒత్తిగిలి, చేయి ఊని లేవడం నేర్పింది. వంగి బిందె ఎత్తొద్దు, గొంతుక్కూర్చుని ఎత్తు అంది. నొప్పి ఉన్నా రోజూ నాలుగడుగులు నడువు అంది. నొప్పి పూర్తిగా పోలేదు, కాని నాయనమ్మ లేచి తిరిగింది.

తన దగ్గరికి వచ్చినవాళ్లకూ ఆమె అదే చేసేది. అరుగు మీద పడుకోబెట్టి, బస్తా పెట్టి, ఇటుక పెట్టి, ఆముదంతో వేడిచేసిన వావిలాకు కట్టి, లేపి నాలుగడుగులు నడిపించి, చివరికి ఎడమ కాలి బొటనవేలు నడుంకు ఆనించేది. జనం మాత్రం బొటనవేలికే దండం పెట్టేవారు.

"మరి ఆ ఏలు ఎందుకే పెట్టుడు?" అని అడిగాను ఒకసారి.

"పక్కకు ఒత్తిగిలి లెవ్వురా అంటే కుల్చారం కెల్లి బండి కట్టుకొని ఎవడన్న వస్తడా? తంత అంటే వస్తడు."

ఈ తన్నుల సంగతి మా తాత ప్రభుదాసుకు గొంతులో ముల్లు. ఆయన మిషన్ బడిలో పంతులు, ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పేవాడు. తన్నితే జబ్బు పోతుందనడం మూఢనమ్మకమని పాస్టరుగారు ప్రసంగంలోనే అన్నారు, అదీ మా తాత ముఖం చూస్తూ. భార్యను మానమనలేడు, చర్చిలో తలెత్తుకోలేడు. అందుకని అరుగు మీద జనం ఎందుకని ఎవరడిగినా, "ప్రార్థనకు వచ్చిండ్రు" అనేవాడు. ఆ అబద్ధం అలవాటై, నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేట్టయ్యాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరు రెండో ఆదివారం అదే చెప్పాడు. ఈసారి అడిగింది రజాకార్లు.

ఆ రోజుల్లో పల్లెల్లో నిజాం మీద తిరగబడ్డ సంగం వాళ్లు, ఊళ్లో నిజాం తరఫు రజాకార్లు. పల్లె నుంచి ఎవడు వచ్చినా అనుమానమే. అట్లాంటి కాలంలో, తెలతెలవారుతుండగా, కుల్చారం లక్ష్మయ్య అనే రైతు ఊరి బయట బండి దిగి, నడుం మీద చేయి పెట్టుకుని, గోడల వెంట పాకుతున్నట్టు మా గల్లీలోకి వచ్చాడు. గస్తీ తిరుగుతున్న నలుగురు ఆపారు. ఎక్కడికి అంటే మాట్లాడడు. పేరేంటి అంటే మాట్లాడడు. చెంప మీద కొడితే కూడా మాట్లాడలేదు. మాట్లాడితే నెల రోజుల నుంచి ఓర్చుకున్న నడుం మళ్లీ వచ్చే ఆదివారం దాకా ఆగాలి కదా. చెయ్యెత్తి మా ఇల్లు చూపించాడు.

మా తాత బయటికి వచ్చాడు. "ప్రార్థనకు వచ్చిండు సాబ్" అన్నాడు.

లక్ష్మయ్య నొసట అడ్డంగా మూడు విభూతి రేఖలున్నాయి. "నువ్వు ప్రార్థనకే వచ్చినవా?" అని అడిగితే, ఆ మనిషి నిజాయితీగా తల అడ్డంగా ఊపాడు.

ఇద్దరినీ పట్టుకుపోయారు. పోయేముందు మా తాత నడుం మీద తుపాకి మడమతో ఒకటి వేశారు.

నాయనమ్మ తలుపు వెనకే ఉంది. చేతిలో గుడ్డలో చుట్టిన వేడి ఇటుక. బయటికి వచ్చి నిజం చెబితే మొగుడు అబద్ధాలకోరు అవుతాడు, చెప్పకపోతే సంగం మనిషి అవుతాడు. ఏది మంచిదో తేలేలోపు వాళ్లు గల్లీ మలుపు దాటారు. ఇటుక వేడికి ఆమె అరచేయి బొబ్బలెక్కింది. అది ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం నడుం పట్టేసిందని. తలుపు పట్టుకుని అట్లాగే గొంతుక్కూర్చుండిపోయింది.

పక్కింటి వజీరా వచ్చి లేపింది. వజీరా గాజులమ్మేది. ఆమె తమ్ముడు సాబిర్ జట్కా తోలేవాడు. జట్కాను గుర్రంతో సహా రజాకార్లు లాక్కుంటే, దాని వెనక వెనకే పోయి వాళ్ల దగ్గర కావలికి కుదిరాడు. గుర్రానికి వేరేవాళ్లు సరిగా మేత వేయరని వాడి భయం.

"అక్కా, సాబిర్ చెప్పిండు" అంది వజీరా మెల్లగా. "బియ్యం మిల్లు గోదాంల పెట్టిండ్రట. సంగపోళ్లని రాసుకున్నరట. బుధవారం పొద్దుగాల లారీల ఎక్కించి తోలుకపోతరట."

"ఏడికి?"

"ఏడికో. పోయిన వారం తోలినోళ్లు ఏ ఊరు చేరలే."

నాయనమ్మ చేతిలోని ఇటుకను గడప పక్కన దించింది. తర్వాత, "నువ్వు తోడు రా. నాకు నోరు రాదు" అంది.

"నాకు మాత్రం వస్తదా? పా, ఇద్దరం కలిసి వణుకుదాం."

మిల్లు ఊరి చివర ఉండేది. రజాకార్ల పెద్ద జహంగీర్ సాబ్ అక్కడే మకాం. అంతకుముందు అడవి గుత్తేదారు దగ్గర మున్షీగా చేశాడట, తెలుగు బాగానే వచ్చు. వీళ్లు పోయేసరికి నులక మంచంలో వెల్లకిలా పడి ఉన్నాడు. మంచం గుంటలో మనిషి సగం మునిగి ఉన్నాడు. పక్కన బల్ల మీద తుపాకి, తైలం సీసా. తొమ్మిది రోజుల నుంచి లేవలేకపోతున్నాడు. ఆ సంగతి బయటికి పొక్కితే నాలుక కోస్తానని తన మనుషులకు చెప్పి పెట్టాడు.

నాయనమ్మ చేతులు జోడించి చెప్పింది. అది ప్రార్థన కాదు, నడుం నొప్పి. తాను ఎదురుకాళ్లతో పుట్టింది, తన్నడానికి జనం వస్తారు, వచ్చేవాళ్లు మాట్లాడకూడదు.

జహంగీర్ సాబ్ విన్నాడు. "నీ మొగుడు నమాజ్ లెక్కన ఏదో ప్రార్థన అన్నడు. నువ్వు తన్నులంటున్నవు. మీ ఇద్దరిల ఝూటా ఎవరు?"

"ఆయనే సాబ్."

పెళ్లయిన పదేళ్లలో మొగుణ్ణి నలుగురి ముందు ఒక మాట అనడం అదే మొదటిసారి.

"సరే. బుధవారం పొద్దుగాల నేను లారీ ఎక్కాలె. లేచి ఎక్కిననుకో, నీ మాట నిజం. ఎక్కలేదనుకో, నీ మొగుడు ఎక్కుతడు. కానియ్యి, తన్ను."

గుమ్మం దగ్గర నిలబడ్డ కావలివాళ్లు తుపాకులు సర్దుకున్నారు. సాలార్ సాబ్‌ను, అంటే తమ దళం పెద్దను, ఒక ఆడమనిషి కాలితో తాకడం వాళ్ల కళ్లముందు జరగాలి మరి. కాలు పెడితే వాళ్లు కాలుస్తారు, పెట్టకపోతే సాబ్ కాలుస్తాడు.

నాయనమ్మ దగ్గరికి పోయి, "నొప్పి ఏడిదాక గుంజుతుంది సాబ్?" అని అడిగింది. పిరుదు నుంచి మడమ దాకా తీగలాగా గుంజుతుందన్నాడు. కుడికాలి బొటనవేలు పైకెత్తమంది. అది సరిగ్గా లేవలేదు. ఇట్లాంటి నడుం తొక్కితే కాలే పడిపోతుందని నర్సమ్మ చెప్పింది. టేక్మాల్‌లో ఎవరో తెలియక తొక్కితే ఒక మనిషి ఆరు నెలలు కాలు ఈడ్చుకుంటూ తిరగడం తన కళ్లారా చూసింది. తన్నుతో ఏమీ కాదని ఇప్పుడు చెబితే, తాను కూడా ఝూటా. తంతే, సాబ్ జన్మలో లారీ ఎక్కడు.

"ఇయ్యాల తన్నరాదు సాబ్" అంది.

"ఎందుకు?"

"మీరు మాట్లాడిండ్రు."

ఆ మాట తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. వజీరా కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటోంది.

"మీ నడుం మస్తుగ పట్టింది సాబ్. ఒక పొద్దు సాలది, మూడు పొద్దులు గావాలె. ఇప్పటి సంది మీ ఇల్లు చేరేదాక నోరు విప్పరాదు. మీ గోదాంల ఉన్న కుల్చారం ఆయన్ను సూడుండ్రి, దెబ్బలు తిన్నడు గాని మాట్లాడిండా?"

జహంగీర్ సాబ్ ఏదో అనడానికి నోరు తెరిచాడు. కొంచెం ఆలోచించి మూసుకున్నాడు.

అంతే. మూడు రోజులు మెదక్‌లో రజాకార్లకు హుకుం ఇచ్చే నోరు లేదు. ఏం కావాలన్నా కాగితం ముక్క మీద ఉర్దూలో పెన్సిలుతో రాసేవాడు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఇద్దరు, ఆ ఇద్దరికీ ఆయన రాత సగమే అర్థమయ్యేది. ఊరు ఊపిరి పీల్చుకుందని నేనంటాను. నాయనమ్మ మాత్రం ఆ మూడు రోజులు తాను ఊపిరి పీల్చిన గుర్తే లేదంటుంది.

సోమవారం తెల్లవారుజామున గంపలో రెండు ఇటుకలు, వావిలాకు, ఆముదం పెట్టుకుని పోయింది. మంచం తీయించి, సాబ్‌ను బండల మీద జంపఖానా వేసి పడుకోబెట్టించింది. కాళ్ల కింద బియ్యం బస్తా పెట్టించింది. ముందున్న గచ్చు అవతలి గోదాంలోంచి మా తాత దగ్గు వినిపించింది. దగ్గు వినబడినంతసేపూ ఇటుక తిప్పింది. దగ్గు ఆగితే చేయి ఆగేది.

మంగళవారం సంగతి చెడింది. సాబ్ ఇంకా బిగుసుకుపోయి ఉన్నాడు. ఇటుక తీసి విసిరికొట్టి, కాగితం మీద గీకి సాబిర్‌కు ఇచ్చాడు. సాబిర్ కూడబలుక్కుని చదివి, నేల చూస్తూ చెప్పాడు.

"రేపు లేవకపోతే నిన్ను గూడ గదే లారీల ఎక్కియ్యమంటుండు అక్కా."

ఆ మాటతో నాయనమ్మ నడుం పట్టేసింది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ముందుకు వంగిపోయింది. సాబ్ ముందే బండల మీద పడుకోవలసి వచ్చింది. చేతికందిన బస్తా లాక్కుని కాళ్లు పైన పెట్టుకుంది. అటు గోడ దగ్గర రజాకార్ల పెద్ద, ఇటు గోడ దగ్గర మా నాయనమ్మ, ఇద్దరూ కాళ్లు బస్తాల మీద వేసుకుని పైకప్పు చూస్తున్నారు. ఆయన మాట్లాడకూడదు, ఆమెకు మాట రాదు. కాసేపటికి ఆమె పక్కకు ఒత్తిగిలి, చేయి ఊని, మెల్లగా లేచింది. సాబ్ అది చూస్తూనే ఉన్నాడు. ఆయన కూడా పక్కకు ఒత్తిగిలి, చేయి ఊని లేచాడు. పదకొండు రోజుల్లో మొదటిసారి. గోడ పట్టుకుని ఆరడుగులు వేశాడు. సాయంత్రం మళ్లీ నడవమని చెప్పి, ఆమె వంగిన నడుంతోనే ఇంటికి వచ్చింది.

బుధవారం పొద్దున ఆకాశంలో విమానం మోత వినిపించింది. మిల్లులో అందరూ సామాన్లు లారీలోకి విసురుతున్నారు. ఇండియా పటాలాలు వస్తున్నాయని ఒకడు, వచ్చేశాయని ఒకడు. సాబ్ తనంతట తానే లేచి నిలబడి, ఆమె కోసం చూస్తున్నాడు. వీపు తిప్పాడు. తన్ను బాకీ ఉంది కదా. నాయనమ్మ బొటనవేలు కొసతో ఈగ వాలినంత మెల్లగా ఆనించింది. ఆయన తల ఊపి, లారీ దగ్గరికి నడిచి, రెండు చేతులతో పట్టుకుని, ఎక్కి కూర్చున్నాడు.

అప్పుడు ఒక కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. "సాబ్, గోదాంల ఖైదీలను ఏం జెయ్యాలె?"

సాబ్ నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

నాయనమ్మ లారీకి అడ్డంగా పోయి నిలబడింది. "మాట్లాడుండ్రి సాబ్. ఇగ ఏం గాదు, మాట్లాడుండ్రి. ఒక్క మాట."

ఆయన కోపంగా తల అడ్డంగా ఊపాడు. మూడు రోజుల మౌనాన్ని చివరి నిమిషంలో చెడగొట్టుకునే మనిషిలా కనిపించలేదు. ఆమె పెట్టిన షరతే ఇప్పుడు ఆమె మొగుడికి అడ్డం పడింది. జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రెండు వరసలు రాసి, మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు. గోదాం వైపు వేలు చూపించాడు.

నాయనమ్మకు ఉర్దూ చదవడం రాదు. వదిలేయమని రాశాడో, కాల్చేయమని రాశాడో. మిల్లు ముందు వడ్లు ఎండబోసే గచ్చు, దాని అవతల గోదాం. పట్టుమని అరవై అడుగులు కూడా లేవు. మొగుడి చావో బతుకో చేతిలో పట్టుకుని ఆ గచ్చు దాటింది. సగం దూరంలో నడుం పట్టేసింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు. చిన్న చిన్న అడుగులు వేయమని ఎందరికో చెప్పిన మనిషి, ఆ మాటే తనకు తాను చెప్పుకుంటూ పోయింది. కాగితం పారేద్దామా, నమిలి మింగేద్దామా అని కూడా అనుకుందట. పారేసినా వెనక లారీలోంచి చూస్తున్నాడు.

గోదాం తలుపు దగ్గర సాబిర్ ఉన్నాడు. కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ ఒక్కొక్క అక్షరం చదివాడు. వాడంత మెల్లగా చదివే మనిషి భూమ్మీద లేడని నాయనమ్మ ఇప్పటికీ తిడుతుంది.

"ఏముందిరా?"

"ఆగు అక్కా, రాత బాగలేదు." ఇంకా చదివాడు. "ఇద్దర్ని ఇడిసిపెట్టుండ్రి అని ఉంది. కింద ఇంకోటుంది. ఇటుకలు రెండు లారీల ఎయ్యుండ్రి అని."

ఇటుకలు లారీలో వేశారు. లారీ పోయింది. తలుపు తీస్తే మా తాత గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. లక్ష్మయ్య ఆయన వెనకే వచ్చాడు, ఇంకా నోరు మూసుకునే ఉన్నాడు. మూడు రోజులూ మా తాత ఎంత బతిమాలినా ఒక్క మాట అనలేదట. నాయనమ్మను చూడగానే వెనక్కి తిరిగి, వంగి, నడుం చూపించాడు.

మా నాయనమ్మ జన్మలో ఒక మనిషిని నిజంగా తన్నింది అంటే ఆ పొద్దే. లక్ష్మయ్య రెండడుగులు ముందుకు పడి, దండం పెట్టి, మాట్లాడకుండా కుల్చారం దారి పట్టాడు. తర్వాత ఇరవై ఏళ్లు తన నడుం ఎట్లా బాగైందో ఆ ఊళ్లో అందరికీ చెప్పాడు.

ఆ తర్వాతి వారం భయం పక్కింటికి మారింది. పటాలాలు వచ్చాయి, రజాకార్లతో తిరిగినవాళ్లను వెతికారు, తిరగనివాళ్లనూ వెతికారు. సాబిర్ పదకొండు రోజులు మా వెనక గదిలో జొన్న బస్తాల మధ్య ఉన్నాడు. తలుపు చప్పుడైతే మా తాత పోయేవాడు. ఎవరున్నారని అడిగితే, "ప్రార్థన జరుగుతుంది" అనేవాడు. ఈసారి నాయనమ్మ ఆయన్ను ఝూటా అనలేదు. పన్నెండో రోజు సాబిర్ తన గుర్రాన్ని వెతుక్కుంటూ పోయి, దొరకక, కాలినడకన తిరిగి వచ్చాడు.

తుపాకి దెబ్బకు మా తాత నడుం పూర్తిగా ఎప్పుడూ బాగుకాలేదు. ఆ తర్వాత బతికిన ఇరవై ఆరేళ్లూ పొద్దున్నే ఆయన నేల మీద, కాళ్లు బస్తా మీద. పక్కన నాయనమ్మ కొత్త ఇటుకలతో. వాన పట్టినప్పుడు ఇద్దరికీ ఒకేసారి పట్టేసేది. ఎవరు ముందు లేచి రెండోవాళ్లకు ఇటుక కాల్చాలా అని వాదించుకునేవారు. ఆయనకు ఎన్నడూ బొటనవేలు ఆనించలేదు, పంతులుగారికి మూఢనమ్మకాలు లేవు కాబట్టి.

ఇదంతా రాసి మొన్న మధ్యాహ్నం నాయనమ్మకు చదివి వినిపించాను. బండల మీద పడుకుని, కళ్లు మూసుకుని, అడ్డు చెప్పకుండా విన్నది. చివర్లో ఒక్క సంగతి తెలియక కథ ఆగిపోయిందని చెప్పి అడిగాను.

"మరి ఆ భయం ఎప్పుడు పోయిందే నీకు?"

"పోయిందని నీకెవడు చెప్పిండు? లేచి తలుపుకు గొళ్లెం పెట్టి రా."